భీమిలి గోగునార నుండి నైలాను వల వరకు

కూడు, గుడ్డ, గూడు – ఈ మూడును మానవుని కనీసావసరములని పెద్దలు చెప్పుదురు. వీటిలో కూటిని గూర్చి, గూటిని గూర్చి మనము నిత్యము ఆలోచించుచునే ఉందుము. గుడ్డ సంగతి అట్లు కాదు. ఒంటిమీది చొక్కా దేనితో తయారైనదో, అంగడి నుండి బియ్యము తెచ్చిన సంచి ఏ నారతో నేయబడినదో అడిగినచో మనలో పలువురు వెంటనే సమాధానము చెప్పజాలరు. ధర, రంగు, మన్నిక చూచి కొందుము. అంతటితో విషయము ముగియును.

వస్త్రముల ప్రస్తావన వచ్చినప్పుడు రెండు విరుద్ధాభిప్రాయములు వినవచ్చుచుండును. సహజమైనదంతయు మేలైనదనియు, కృత్రిమమైనదంతయు హానికరమనియు కొందరందురు. పాత నారల కాలము చెల్లినదనియు, ఇకపై రసాయన పరిశ్రమయే మనకు గతియనియు మరికొందరందురు. ఈ రెండును తొందరపాటు మాటలని మా అభిప్రాయము. ఏ తంతువు ఏ పనికి తగినదో దాని స్వభావమును బట్టి నిర్ణయింపవలెను. ఆ నిర్ణయములో ఆ తంతువును నమ్ముకొని బ్రతుకు మనుష్యుల లెక్క కూడ చేరవలెను.

ఈ విషయమును పరిశీలించుటకు విశాఖపట్నము కంటె అనువైన స్థలము అరుదు. ఇక్కడికి ఉత్తరముగా శ్రీకాకుళము జిల్లాలో సన్నని ఖద్దరునకు పేరుపొందిన పొందూరు ఉన్నది. నగరములో భాగమైన భీమునిపట్నము ఒక నారకు తన పేరునే ఇచ్చినది. ఓడరేవులోను, చేపల రేవులోను నైలాను, పాలిప్రొపిలీను త్రాళ్ళు, వలలు దినదినము వాడుకలో ఉన్నవి. ఉక్కు కర్మాగారములో కొలిమి వేడికి ఓర్చు దుస్తులు కావలెను. దక్షిణమున, నేటి అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురము వద్ద, వేలాది మహిళలు దుస్తులు కుట్టు పరిశ్రమలో పని చేయుచున్నారు. కనుక ఈ ప్రాంతమునే ఆధారముగా గొని తంతువుల కథను వివరింపదలచితిమి.

తంతువు అనగానేమి?

వెడల్పు కంటె పొడవు అనేక రెట్లు అధికముగా ఉండి, వంగు గుణము, పేనుటకు తగిన బలము కలిగిన సన్నని పోగును తంతువు అందురు. తంతువులను పేనినచో నూలు, నూలును నేసినచో వస్త్రము ఏర్పడును. ప్రతి తంతువులోను లెక్కకు మిక్కిలియైన చిన్న అణువులు గొలుసువలె కలిసి పొడవైన అణువులుగా ఉండును. వీటినే బృహదణువులు లేక పాలిమరులు అందురు. ఈ గొలుసులు ఎంత పొడవుగా, ఎంత క్రమముగా ఒకదాని ప్రక్కన ఒకటి అమరి ఉండునో తంతువు అంత బలముగా ఉండును.

తంతువులు ముఖ్యముగా మూడు తెగలు. పత్తి, జనపనార, గోగునార, కొబ్బరిపీచు, ఉన్ని, పట్టు – ఇవి మొక్కలు, జంతువులు మనకు ఇచ్చు సహజ తంతువులు. చెట్ల గుజ్జును రసాయనములతో కరగించి మరల పోగుగా తీసినచో రేయాను వచ్చును. ఇందు పదార్థము ప్రకృతిది, పోగు మానవునిది. ఇక పెట్రోలియము మొదలగు వాటి నుండి లభించు చిన్న అణువులను కలిపి బృహదణువులుగా నిర్మించినవి నైలాను, పాలియెస్టరు, అక్రిలికు, పాలిప్రొపిలీను. వీటిని సంశ్లేషిత తంతువులు అందురు.

వీటి స్వభావభేదము తెలియుటకు ఒక్క లక్షణమును చూచిన చాలును. అది తేమను పీల్చుకొను శక్తి. సాధారణ పరిస్థితులలో 100 గ్రాముల ఎండిన తంతువు గాలి నుండి ఎన్ని గ్రాముల తేమను తీసికొనునో లెక్కించినచో ఉన్ని సుమారు 16, జనపనార సుమారు 14, పట్టు 11, పత్తి 8.5, నైలాను 4, పాలియెస్టరు 0.4 గ్రాములు తీసికొనును. పాలిప్రొపిలీను దాదాపు ఏమియు తీసికొనదు. ఈ అంకెలను జ్ఞాపకముంచుకొన్నచో ఇకపై చెప్పబోవు సంగతులలో అనేకము సులభముగా అర్థమగును.

పొందూరు పత్తి

పత్తిపోగు దాదాపు పూర్తిగా సెల్యులోజు అను పదార్థముతో ఏర్పడినది. కాయ పగిలి ఎండినప్పుడు ఆ సన్నని గొట్టము చదునై మెలిక తిరుగును. ఈ సహజమైన మెలికలే పోగులు ఒకదానినొకటి పట్టుకొనుటకు తోడ్పడి, పత్తిని పేనుటకు అనువైనదిగా చేయుచున్నవి. పత్తికి మరియొక విశేషము కలదు. తడిసినప్పుడు దాని బలము తగ్గదు సరికదా, కొంత పెరుగును. అందువలననే నూలుబట్టను ఉడికించి, బండమీద బాది ఉతికినను అది ఓర్చుకొనును.

పొందూరులో ఈ పత్తిని వస్త్రముగా మార్చు విధానము నేటికిని ఎక్కువ భాగము చేతిపనియే. కొండపత్తి, పునాస పత్తి వంటి దేశవాళీ రకములను అక్కడ వాడుదురు. గింజతో ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుదురు. ఆ ఎముకలోని సన్నని పండ్లు చెత్తను తొలగించి పోగులను వరుసగా సర్దును. తరువాత గింజలు తీసి, విల్లుతో దూదిని ఏకి, ఏకులుగా చుట్టి, అవి నలగకుండ ఎండిన అరటిదొప్పలో ఉంచి, రాట్నము మీద వడుకుదురు. ఆ నూలు వంద నంబరు వరకు, అంతకు మించియు ఉండును. వంద నంబరనగా ఒక పౌను నూలు 84,000 గజముల పొడవుండును. అది సుమారు 77 కిలోమీటర్లు. విశాఖపట్నము నుండి బయలుదేరి విజయనగరము దాటి పోవునంత దూరము. చేతితో వడికిన నూలుకు ఇంతటి సన్నదనము కలుగుట వలననే స్వాతంత్ర్యోద్యమకాలములో పొందూరు ఖద్దరు గాంధీజీ దృష్టిని ఆకర్షించినది.

పత్తి కథలో మరువరాని వారు దూదేకులవారు. నూర్‌బాషాలని కూడ పిలువబడు ఈ తెలుగు ముస్లిములు తరతరములుగా విల్లు చేతబట్టి ఊరూర తిరిగి దూదిని ఏకి, పరుపులు, రజాయిలు తయారుచేసినవారు. వారి వృత్తియే వారి పేరైనది. మొదట మిల్లుల యంత్రములు, తరువాత నురుగు పరుపులు, పాలియెస్టరు దూది నింపిన దిండ్లు వచ్చి ఆ విల్లు మ్రోత చాలచోట్ల ఆగిపోయినది. బట్టల వ్యవహారములో మన రెండు భాషల సాంగత్యము ఎంత గాఢమైనదో మాటలే సాక్ష్యమిచ్చును. దర్జీ, జరీ, మల్‌మల్, మఖమలు, పైజామా, రజాయి, కలంకారీ – ఈ మాటలు ఉర్దూ, ఫారసీల నుండి వచ్చి తెలుగు ఇండ్లలో స్థిరపడినవి.

పత్తి సర్వగుణసంపన్నమని మాత్రము అనరాదు. నూలుబట్ట త్వరగా నలగును, నెమ్మదిగా ఆరును, తడిగా ముడిచి ఉంచినచో బూజు పట్టును. సేద్యములో పత్తికి పట్టు పురుగులు అనేకము. వాటికై చల్లు మందులు నేలకు, నీటికి, రైతు ఆరోగ్యమునకు హాని చేయుచున్నవి. సహజమన్నంత మాత్రమున నిర్దోషము కాదు.

భీమునిపట్నము పేరు మోసిన నార

గోంగూర పచ్చడి ఎరుగని తెలుగువారుండరు. ఆ గోగు జాతి మొక్కల కాండము నుండి నార వచ్చునన్న సంగతి పట్టణములలోని పిల్లలకు తెలియకపోవచ్చును. వాణిజ్యములో దీనిని మెస్టా అందురు. ఇందు ముఖ్యమైన రెండు జాతులలో ఒకదానికి ప్రపంచ విపణిలో ‘బిమ్లీపటం జ్యూట్’, సంగ్రహముగా ‘బిమ్లీ’ అని పేరు. బిమ్లీపటం అనగా మన భీమునిపట్నమే. 17వ శతాబ్దములో డచ్చివారు వర్తకస్థావరము ఏర్పరచుకొన్నదియు, 1861లోనే పురపాలక సంఘము కలిగినదియు అయిన ఆ రేవు నుండి ఓడలకెక్కిన నార కనుక దానికాపేరు వచ్చినది. 1933లో విశాఖపట్నము ఓడరేవు ప్రారంభమైన పిమ్మట భీమిలి రేవు ప్రాధాన్యము తగ్గినది. నారకు మాత్రము ఆ పేరు నిలిచిపోయినది.

గోగు వర్షాధారపు మెట్టపొలములలో పండును. జనపనారకు కావలసినంత నీరు దీనికి అవసరము లేదు. పూతదశలో మొక్కలను కోసి, కట్టలు కట్టి, చెరువులలో సుమారు రెండు మూడు వారములు ఊరవేయుదురు. నీటిలోని సూక్ష్మజీవులు నారను కాండమునకు అంటించి ఉంచు జిగురు పదార్థమును తినివేయును. అప్పుడు నారను ఒలిచి, కడిగి, ఆరవేయుదురు. కట్టలు ఎక్కువ దినములు ఊరినచో నార కుళ్ళును. తక్కువైనచో బెరడు వదలదు. మోకాలిలోతు మురుగునీటిలో నిలిచి ఈ పని చేయు కూలీల శ్రమ సామాన్యమైనది కాదు. చెరువులో నీరు చాలని సంవత్సరమున నార రంగు చెడి, ధర తగ్గును.

1947లో దేశవిభజన జరిగినప్పుడు జనపనార పండు భూములలో అధికభాగము తూర్పు పాకిస్తానులోను, మిల్లులు కలకత్తా పరిసరములలోను ఉండిపోయినవి. ముడిసరకు కొరత తీర్చుటకు దేశములో గోగు సేద్యమునకు ప్రాముఖ్యము వచ్చినది. గోగునార జనపనార కంటె కొంత ముతక. అయినను జనపనారతో కలిపి గోనెలు నేయుటకు చక్కగా పనికివచ్చును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము జిల్లాల రైతులకు ఇది నగదుపంట అయినది. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రము ఈ పంటపై పరిశోధనలు జరుపుచు వచ్చినది. భీమిలి చెంత గోస్తనీ నది ప్రక్కనున్న చిట్టివలసలోను, విజయనగరము చెంత నెల్లిమర్లలోను, ఇంకను ఏలూరు, గుంటూరులందును జూట్ మిల్లులు పనిచేసినవి. ఒక పొలములో కోసిన మొక్క, ఒక చెరువులో ఊరి, ఒక మిల్లులో గోనెసంచియై, అదే ప్రాంతపు ధాన్యమును మోయుట – ఇది ఉత్తరాంధ్రలో అనేక దశాబ్దములు సాగిన వ్యవస్థ.

చెట్టు గుజ్జు నుండి పట్టువంటి పోగు

పట్టుపురుగు చేయు పనిని మానవుడు చేయలేడా అను ప్రశ్న నుండి రేయాను పుట్టినది. ఫ్రాన్సు దేశీయుడు షార్డొనే తన కృత్రిమ పట్టును 1889లో పారిస్ ప్రదర్శనలో చూపెను. 1892లో ఇంగ్లాండులో క్రాస్, బెవాన్, బీడిల్ అను వారు విస్కోసు పద్ధతిని కనుగొనిరి. చెట్ల గుజ్జులోని సెల్యులోజును రసాయనములతో ద్రవముగా చేసి, జల్లెడవంటి సన్నని రంధ్రముల గుండ ఆమ్లములోనికి నెట్టినచో అది మరల పోగై గట్టిపడును.

మన తెలుగునేలపై కూడ ఈ పరిశ్రమ వెలసినది. కాగజ్‌నగరములోని సిర్‌సిల్కు కర్మాగారము ఎసిటేటు రేయాను నూలును తయారుచేసి, 1980 దశకములో మూతపడినది. నేటి ములుగు జిల్లాలోని కమలాపురములో రేయానుకు కావలసిన గుజ్జును తయారుచేసిన కర్మాగారము 2014లో ఆగిపోయినది. రేయాను మెత్తగా, నిగనిగలాడుచుండి, తేమను బాగుగా పీల్చును. కాని పత్తికి విరుద్ధముగా అది తడిసినప్పుడు బలహీనమగును. రెండింటి మూలపదార్థము సెల్యులోజే అయినను, రేయానులోని గొలుసులు పొట్టివై, అమరిక తక్కువగా ఉండుటయే దీనికి కారణము. అందుచేత రేయాను బట్టను ఉతుకునప్పుడు బాదరాదు, గట్టిగా పిండరాదు.

ప్రయోగశాలలో పుట్టిన పోగులు

1935లో అమెరికాలోని డ్యూపాంటు సంస్థలో వాలెస్ కెరోథర్స్ బృందము నైలానును తయారుచేసినది. 1941లో ఇంగ్లాండులో విన్‌ఫీల్డు, డిక్సను అనువారు పాలియెస్టరు పోగును కనుగొనిరి. అదియే టెరిలీను అను పేరుతో లోకమున వ్యాపించినది. పాలిప్రొపిలీను 1950 దశకములో వచ్చినది. ఈ మూడింటి తయారీలో ఒక సామాన్యసూత్రము కలదు. పదార్థమును కరగించి సన్నని రంధ్రముల గుండ బయటకు నెట్టి, చల్లార్చి, వచ్చిన పోగును అనేక రెట్లు సాగదీయుదురు. సాగదీసినప్పుడు చిందరవందరగా ఉన్న గొలుసులు ఒకే దిశలో వరుసతీరును. పోగుకు బలము వచ్చును.

విశాఖపట్నములో 1957 నుండి చమురుశుద్ధి కర్మాగారము ఉన్నది. ఇట్టి కర్మాగారములందు ముడిచమురు నుండి వేరుచేయబడు నాఫ్తావంటి భాగములే, రసాయన పరిశ్రమలలో పలు మార్పులు పొంది, చివరకు పాలియెస్టరుకు, నైలానుకు ముడిపదార్థములగును. అనగా పొలమునకు బదులు చమురుబావి, చెరువునకు బదులు రసాయన పాత్ర, ఋతువునకు బదులు యంత్రపు వేళ. వాన పడినను పడకున్నను ఉత్పత్తి ఆగదు. నేడు ప్రపంచములో తయారగు తంతువులన్నింటిలో సగమునకు పైగా పాలియెస్టరే. పత్తి వాటా సుమారు ఐదవ వంతు.

మన విద్యార్థులు ధరించు టెరికాటను దుస్తులలో ఈ పాలియెస్టరే అధికము. అది నలగదు, త్వరగా ఆరును, అనేక సంవత్సరములు మన్నును. పిల్లల బట్టలకు ఏటేట వ్యయము చేయలేని కుటుంబమునకు ఇది చిన్న మేలు కాదు. అయితే విశాఖ తీరపు వేసవిలో గాలి తేమతో నిండి ఉండును, చెమట సులభముగా ఆరదు. 0.4 గ్రాముల తేమను మాత్రమే పీల్చు పాలియెస్టరు ఆ చెమటను తనలోనికి తీసికొనజాలదు. అది చర్మము మీదనే నిలిచి ఉక్కను కలిగించును. ఇస్త్రీ చెడకుండుటయు, ఉక్కపోయుటయు ఒకే గుణమునకు రెండు ముఖములు: ఆ పోగు నీటిని దరిచేరనీయదు.

సముద్రము మీద నైలాను

నీటిని దరిచేరనీయని గుణము చొక్కాలో లోపమైనను వలలో వరమైనది. పూర్వము మన జాలరులు నూలు, జనుము వంటి నారలతో వలలు అల్లెడివారు. సెల్యులోజు సూక్ష్మజీవులకు ఆహారము. తడి వలను ఎండబెట్టక వదలినచో కొద్ది దినములలోనే కుళ్ళును. అందుచేత వేట ముగిసిన వెంటనే వలలను ఇసుకమీద పరచి ఆరవేయుట, కొంతకాలమునకొకసారి చెట్ల బెరడు కషాయములో ఉడికించుట తప్పనిసరి. ఇంటిల్లిపాదికి అది ఒక నిత్యకృత్యము.

1960 దశకము నుండి నైలాను వలలు వ్యాపించినవి. నైలానును సూక్ష్మజీవులు తినజాలవు. సన్నని పోగే ఎక్కువ బలము కలిగియుండుట వలన వల తేలికయైనది, నీటిలో చేపకు కనబడుట తగ్గినది. వేట ఫలితము పెరిగినది. ఆరబెట్టు, కషాయము పెట్టు శ్రమ తగ్గినది. ఈ మార్పును జాలరులు ఇష్టపడి స్వీకరించినారు. అందు వింత లేదు.

ఓడరేవులో త్రాళ్ళ కథయు ఇట్టిదే. నైలాను త్రాడు బాగుగా సాగును కనుక అల తాకిడికి ఓడ ఊగినప్పుడు ఆ కుదుపును ఓర్చుకొనును. అయితే అట్లు సాగిన త్రాడు తెగినచో కొరడావలె వెనుకకు కొట్టి ప్రాణాపాయము కలిగించును. పాలిప్రొపిలీను సాంద్రత 0.91 మాత్రమే, నీటికంటె తేలిక కనుక ఆ త్రాడు నీటిమీద తేలును. నైలాను సాంద్రత 1.14, అది మునుగును.

ఈ మేలులోనే ఒక కీడు దాగియున్నది. కుళ్ళని వల తెగి సముద్రములో పడిపోయినచో, పట్టువారు లేకున్నను చేపలను, తాబేళ్ళను పట్టుచునే ఉండును. నూలువల అయినచో కొంతకాలమునకు శిథిలమై నశించెడిది. నైలాను వల సంవత్సరముల తరబడి నిలుచును. ఎండకు, అలలకు చితికినను కంటికి కనబడని తునుకలై నీటిలోనే మిగులును. పాలియెస్టరు బట్టలు ఉతికినప్పుడు రాలు సన్నని నూగు కూడ కాలువల గుండ సముద్రమునకే చేరుచున్నది. కుళ్ళకుండుట వస్తువు వాడుకలో ఉన్నంతకాలము గుణము. పారవేసిన మరుక్షణము అదే దోషము.

కొలిమి వద్ద ఏది ధరింపవలెను?

ఉక్కునగరములో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యము కలదు. కరిగిన ఉక్కు 1500 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడిన వేడిమి కలిగియుండును. పాలిప్రొపిలీను సుమారు 165 డిగ్రీల వద్ద, నైలానులో ఒక రకము సుమారు 220 డిగ్రీల వద్ద, పాలియెస్టరు సుమారు 260 డిగ్రీల వద్ద కరగును. నిప్పురవ్వ పడినప్పుడు ఇట్టి వస్త్రము కరగి, మరుగుచున్న జిగురువలె చర్మమునకు అంటుకొని, లోతైన గాయము చేయును. పత్తి, ఉన్ని కరగవు, మాడును. ఉన్నికి నిప్పు సులభముగా అంటుకొనదు. అందువలన కొలిమి, వెల్డింగు పనులలో సాధారణ కృత్రిమ వస్త్రములు కూడవని, నిప్పును నిరోధించు మందు పట్టించిన నూలుబట్టలో, ఉన్నిబట్టలో వాడవలెనని భద్రతా నియమము.

అట్లని ఇక్కడ కృత్రిమ తంతువునకు చోటే లేదనరాదు. 1965లో స్టెఫనీ క్వోలెక్ అను శాస్త్రజ్ఞురాలి పరిశోధన ఫలితముగా లభించిన కెవ్లార్ వంటి అరమిడు తంతువులు కరగవు, మిక్కిలి వేడిమికి ఓర్చును. అల్యూమినియము పూత గల అరమిడు అంగరఖాలు కొలిమి నుండి వచ్చు వేడికిరణములను వెనుకకు త్రిప్పివేయును. వంటయింటిలో పొయ్యి ముందు నిలుచు మన తల్లులకు, అక్కచెల్లెండ్రకు ఇట్టి అంగరఖాలు లేవు. వారు పాలియెస్టరు చీరలు, నైలాను ఓణీలు, దుపట్టాలు విడిచి నూలుబట్ట ధరించుట ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

సంచుల పోటీ

తంతువుల పోటీ అత్యంత తీవ్రముగా జరిగినది చొక్కాలలో కాదు, సంచులలో. పాలిప్రొపిలీను పట్టీలతో నేసిన సంచి తేలిక, చౌక, తడికి జంకదు. ఎరువు, సిమెంటు వంటి సరకులు తేమ తగిలినచో గడ్డకట్టును. తేమను బాగుగా పీల్చు గోనెసంచి వాటికి తగినది కాదని ఒప్పుకొనవలసినదే. ధాన్యము సంగతి వేరు. ధాన్యము సజీవమైన గింజ. అది గాలి పీల్చును, తేమను విడుచును. గోనె ఆ తేమను బయటకు పోనిచ్చును. గోనెలు ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు జారవు. కొక్కెముతో లాగినను నార మరల సర్దుకొనును. ప్లాస్టిక్ సంచి జారును, ఎండకు పెళుసెక్కి చినుగును.

ఈ పోటీని గమనించియే కేంద్రప్రభుత్వము 1987లో కొన్ని సరకులను జనపనార సంచులలోనే నింపవలెనని చట్టము చేసినది. మొదట సిమెంటు, ఎరువులు కూడ అందు చేరియుండెను. తరువాత అవి తొలగింపబడి, ఆహారధాన్యములు, చక్కెర మాత్రము మిగిలినవి. చట్టము వలన గోనెకు కొంత విపణి నిలిచినను, మన ప్రాంతపు మిల్లులకు అది చాలలేదు. చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. వేలాది కార్మిక కుటుంబములు ఆధారపడిన పని ఆగిపోయినది.

దీనికి ప్లాస్టిక్ సంచి ఒక్కటే కారణమనుట న్యాయము కాదు. పాత యంత్రములు, ముడిసరకు ధరల ఒడుదుడుకులు, బంగ్లాదేశ్ సరకు పోటీ, యాజమాన్యములకు కార్మికులకు మధ్య వివాదములు కూడ ఉత్తరాంధ్ర జూట్ పరిశ్రమను కృంగదీసినవి. ఊరవేయు శ్రమకు, నీటి కొరతకు విసిగిన రైతులు మొక్కజొన్న మొదలగు పంటలకు మరలినారు. పంట తగ్గుటచే మిల్లుకు దగ్గరి నార కరవైనది. మిల్లు ఆగుటచే రైతునకు దగ్గరి విపణి కరవైనది. గొలుసులో ఏ లంకె ముందు తెగినదని తర్కించుట కంటె, ఒక తంతువు చుట్టు ఎన్ని జీవితములు అల్లుకొని ఉండునో గ్రహించుట ముఖ్యము. ధర పట్టికలో ఈ జీవితములకు గడి లేదు.

మిశ్రమము క్రొత్తది కాదు

రెండు తంతువులను కలిపి నేయుట నేటి ఆలోచన కాదు. దక్కనులోను, గుజరాతులోను ప్రసిద్ధమైన మష్రూ వస్త్రములో పైవైపు పట్టు, ఒంటిని తాకువైపు నూలు ఉండును. పురుషులు శుద్ధమైన పట్టును ధరింపరాదన్న ధర్మమును పాటించు ముస్లిములకు అది అనుకూలమైనది. మష్రూ అను మాటకు ధర్మసమ్మతమని అర్థము. ఆ నేతలో పట్టు అందమును, నూలు సుఖమును ఇచ్చినవి. నేటి టెరికాటనులోను అదే సూత్రము: పాలియెస్టరు మన్నికను, పత్తి తేమను పీల్చు గుణమును ఇచ్చుచున్నవి. పాలియెస్టరును పత్తితో కలిపి వడికి నేయు పాలీవస్త్రమును ఖాదీ సంస్థలు కూడ చేపట్టినవి. అచ్యుతాపురము వంటి చోట్ల కుట్టబడు లోదుస్తులలో పత్తితో పాటు రబ్బరువలె సాగు ఎలాస్టేను కొద్దిపాటిగా కలుపుట లోకమంతట ఉన్న వాడుక.

మిశ్రమమునకును ఒక చిక్కు కలదు. విడివిడిగా ఉన్న నూలును, పాలియెస్టరును మరల ఉపయోగించుట సాధ్యమే. ఒకటిగా పేనిన పిమ్మట వేరుచేయుట మిక్కిలి కష్టము.

గుర్తించు విధము

కొనునప్పుడు మోసపోకుండుటకు ఒక చిన్న పరీక్ష చాలును. బట్ట అంచు నుండి రెండు పోగులు లాగి, పటకారుతో పట్టుకొని, క్రింద నీటి పళ్ళెము ఉంచి, మంటకు చూపవలెను. నూలు, రేయాను కాగితమువలె మండి మెత్తని బూడిదయగును. పట్టు, ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేసి, నలిపిన పొడియగు ముద్దను మిగుల్చును. నైలాను, పాలియెస్టరు ముడుచుకొని, కరగి, చల్లారిన పిదప నలుగని గట్టి పూసను మిగుల్చును. కాలిన వాసనతో పాటు గట్టి పూసయు మిగిలినచో అది మిశ్రమమని తెలియవలెను. ఖద్దరని, పట్టని చెప్పి అమ్ము వస్త్రములో కృత్రిమపు పోగు కలదేమో ఈ పరీక్ష చాలవరకు చెప్పును. వేడి ద్రవము చేతిపై పడకుండ పెద్దల సమక్షములో చేయవలెను.

మన కర్తవ్యము

పై విషయములను సమీక్షించినచో తేలునది ఇది. ఉక్కకు, మంటకు నూలు, ధాన్యమునకు గోనె, సముద్రములో వలకు, త్రాటికి నైలాను, పాలిప్రొపిలీను, కొలిమి ముందు అరమిడు – ఇట్లు ఒక్కొక్క తంతువునకు తగిన పని కలదు. చౌక అను ఒక్క కారణముచే ఒక తంతువు తనది కాని చోటునకు ప్రవేశించినప్పుడు నష్టము కలుగుచున్నది. నైలాను వలను వాడినవారే దానిని తిరిగి ఒడ్డుకు చేర్చి అప్పగించు ఏర్పాటు ఉండవలెను. ధాన్యపు గోనెకు సంబంధించిన నియమము కాగితమునకు పరిమితము కారాదు. గోగును మురుగు లేకుండ, తక్కువ నీటితో ఊరవేయు పద్ధతులు రైతు చెంతకు చేరవలెను. పొందూరు ఖద్దరుకు మనము చెల్లించు ధరలో రాట్నము ముందు కూర్చున్న స్త్రీకి తగిన కూలి ముట్టవలెను. లేనిచో ఆమె కుమార్తె ఆ పని నేర్వదు, నేర్వకపోవుటలో తప్పు కూడ లేదు.

వృక్షశాస్త్రము చదువు విద్యార్థికి గోగులోను, రసాయనశాస్త్రము చదువు విద్యార్థికి పాలిమరులోను, వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థికి సంచుల పోటీలోను పరిశోధింపదగిన విషయము మన ఊరి పొలిమేరలోనే ఉన్నది. పొందూరునకు, చిట్టివలసకు, చేపల రేవునకు ఒక్కొక్క దినము వెచ్చించి, అక్కడి పనివారితో మాట్లాడి రావలసినదిగా మా విద్యార్థి సోదర సోదరీమణులను కోరుచున్నాము. వారికి తెలిసిన తంతువిజ్ఞానము ఏ పాఠ్యగ్రంథమునకును తీసిపోదు.